చిన్నోడి అఆలు ఒక తీరు, పెద్దదాని అఇఉణ్ ఒక తీరు: ఈ రెండు వరుసలు ఎందుకు?

హన్మకొండ నాన్న | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మా ఇంట్ల రెండు వారాల సంది ఒక పంచాయితీ నడుస్తాంది. తెలిసినోళ్లు తీర్చాలె.

మా చిన్నోడికి ఈ యేడు వసంత పంచమికి బాసరల అక్షరాభ్యాసం చేయించినం. పలక మీద ఓం నమః శివాయ సిద్ధం నమః అని దిద్దించిన్రు. ఇప్పుడు అఆలు అయిపోయి క ఖ గ ఘ ఙ కాడికి వచ్చిండు. పెద్దది ఇంటర్ల మార్కులకని సంస్కృతం తీసుకున్నది గని, దాని మీద మనసు పడి సాయంత్రం పూట ఒక పంతులు గారి దగ్గర వ్యాకరణం మొదలువెట్టింది. ఆయన ముందుగాల పాణిని సంస్కృత వ్యాకరణానికి మొదట్ల ఉండే అక్షరాల వరుస, పద్నాలుగు మాహేశ్వర సూత్రాలు, నోటికి రావాలె అన్నడట. పొద్దుగాల అది "అఇఉణ్, ఋఌక్, ఏఓఙ్, ఐఔచ్, హయవరట్, లణ్" అని వల్లె వేస్తాంటే చిన్నోడు పక్కకు కూసోని "అక్కా, తప్పు! అ తర్వాత ఆ రావాలె" అని రోజూ లొల్లి.

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. ఆ లేదు, ఈ లేదు. హ ముందటనే వచ్చింది, మళ్ల ఆఖరుకు వచ్చింది. క, ప ఎక్కడో పన్నెండో సూత్రంల ఉన్నయి. అక్షరాలు అవే అయినప్పుడు రెండు వరుసలు ఎందుకు? ఏది ముందటిది? నేను టెన్త్‌ల సంధులు చదివిన, గంతే. జెర నాకు సమజ్ అయ్యేటట్టు చెప్పున్రి.

తెలుగు సారు, జనగామ | శనివారం, రాత్రి 10:02

తమ్ముడూ, ముందు చిన్నోడి వరుస చూద్దాం. నేను బడిలో ఈ పాఠాన్ని ఎప్పుడూ నల్లబల్ల మీద మొదలుపెట్టలేదు, నోట్లోనే మొదలుపెట్టాను. మీరూ ఇప్పుడే చేయండి. క, చ, ట, త, ప. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, నాలుక ఎక్కడ తగులుతున్నదో చూసుకోండి. కకు నాలుక మొదలు గొంతు వైపు లేస్తుంది. చకు నాలుక నడుమ భాగం అంగిలికి ఆనుతుంది. టకు కొన వెనక్కి మడుచుకుంటుంది. తకు పళ్లను తాకుతుంది. పకు నాలుకతో పనే లేదు, పెదవులు కలుస్తాయి. లోపలి నుంచి బయటికి ఐదు మెట్లు. కంఠం, తాలువు, మూర్ధం, దంతాలు, ఓష్ఠాలు అని మనవాళ్లు పేర్లు పెట్టింది వీటికే.

ఇప్పుడు అడ్డంగా పోదాం. అరచేయి నోటి ముందు పెట్టుకొని క, ఖ అనండి. ఖ దగ్గర గాలి చేతికి కొడుతుంది. వేళ్లు గొంతు మీద పెట్టి క, గ అనండి. గ దగ్గర గొంతు అదురుతుంది. ఘకు అదురూ ఉంటుంది, గాలీ ఉంటుంది. చిన్నోడిని ముక్కు గట్టిగా మూసుకొని "మ" అనమనండి, రాదు. ఐదో వరుస అంతా ముక్కుది. ఐదైదులు ఇరవై ఐదు, వీటిని స్పర్శాలు అన్నారు.

తర్వాత వచ్చే య ర ల వ కూడా అదే దారిలో నడుస్తాయి. య తాలువు, ర మూర్ధం, ల దంతాలు, వ పళ్లూ పెదవీ. శ ష స కూడా అంతే: తాలువు, మూర్ధం, దంతాలు. బడిలో పిల్లలు మూడు సలలు కలిపేస్తుంటే నేను మూడు మాటలు రాయించేవాణ్ని: నిశ్చయం, కష్టం, పుస్తకం. శకు చ తోడు, షకు ట తోడు, సకు త తోడు. ఎవరి ఇంటి పక్కన వాళ్లు.

సున్నా కూడా ఇంతే. పంకజం, పంచమి, కంఠం, దంతం, కంపం అని నెమ్మదిగా పలకండి. రాసేది ఒకే సున్నా, నోట్లో మాత్రం ఐదు చోట్ల ఐదు అనునాసికాలు పలుకుతాయి.

కాజీపేట జంక్షన్ | శనివారం, రాత్రి 10:20

సారూ, ఇంట్ల అందరం ముక్కులు మూసుకొని చూసినం. యాభై ఏండ్లొచ్చినయి, గిది నాకు ఎవ్వరూ చెప్పలె.

ఒక్క మాట. ఇంత మంచి వరుస ఉండంగ పాణిని వేరే వరుస ఎందుకు పట్టుకున్నడు? ఆయన కాలానికి ఈ వర్గాల లెక్క ఇంకా పుట్టలేదేమో అని నా అనుమానం.

మంథని విద్యార్థి | ఆదివారం, ఉదయం 6:15

కాజీపేట అన్నా, అది కుదరదు. పాణిని సూత్రాల్లోనే సాక్ష్యం ఉంది. ఆయన క వర్గం మొత్తాన్ని "కు" అంటాడు, చ వర్గాన్ని "చు", ఇట్లాగే టు, తు, పు. ఉకారం తగిలించిన అక్షరం తన వర్గాన్నంతా చెబుతుందని మొదటి అధ్యాయంలోనే నియమం ఉంది (1.1.69, అంటే అధ్యాయం, పాదం, సూత్రం సంఖ్యలు). వర్గాలు అప్పటికే అందరికీ తెలిసి ఉంటే తప్ప ఆ మాట చెల్లదు. మేము చదివేది కృష్ణ యజుర్వేదం, తైత్తిరీయ శాఖ. మా శాఖ ఉచ్చారణ గ్రంథమైన ప్రాతిశాఖ్య మొదలయ్యేదే "అథ వర్ణసమామ్నాయః" అని, అంటే ఇక అక్షరాల వరుస అని. వేదాన్ని తప్పు లేకుండా పలకడానికి పుట్టిన శాస్త్రం కాబట్టి అక్కడ నోటి వరుసే నడుస్తుంది.

పాణినికి కావలసింది వేరు. "ఈ గుంపు అక్షరాలకు ఇది పరమైతే ఇది జరుగుతుంది" అని ఆయన దాదాపు నాలుగు వేల సూత్రాలు చెప్పాలి. ప్రతిసారీ గుంపులోని అక్షరాలన్నీ ఏకరువు పెడితే గ్రంథం ఎవరికీ నోట నిలవదు. అందుకని గుంపుకు ఒక పొట్టి పేరు పెట్టుకునే ఉపాయం చేశాడు. ప్రతి మాహేశ్వర సూత్రం చివర ఒక పొల్లు ఉంటుంది, దాని పేరు ఇత్తు. అది లెక్కలోకి రాదు, హద్దురాయి లాంటిది. మొదలు కావలసిన అక్షరం చెప్పి, ఆగాల్సిన హద్దురాయి చెబితే నడుమ ఉన్నవన్నీ వచ్చేస్తాయి. దీన్నే ప్రత్యాహారం అంటారు.

నాన్నగారూ, మీ చిన్నోడితో ఈ మాట చెప్పండి. అ దగ్గర మొదలుపెట్టి ఐఔచ్ లోని చ్ దగ్గర ఆగితే అచ్. హయవరట్ లోని హ దగ్గర మొదలుపెట్టి పద్నాలుగో సూత్రం చివరి ల్ దగ్గర ఆగితే హల్. వాడు పలక మీద దిద్దే అచ్చులు, హల్లులు అన్న పేర్లు వాళ్లక్క వల్లె వేసే సూత్రాల్లోంచి వచ్చినవే.

ఆ, ఈ, ఊ ఎందుకు లేవంటే, ఇందాకటి నియమమే. ఈ వరుసలోని అ తన సవర్ణాలన్నిటినీ, అంటే తన జాతి అక్షరాలన్నిటినీ పట్టుకొస్తుంది. హ్రస్వం, దీర్ఘం, ఇంకా సాగే ప్లుతం. స్వరం ఎత్తుదిగుళ్లను బట్టి ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం. ముక్కుతో పలికేది, ముక్కు లేకుండా పలికేది. మొత్తం పద్దెనిమిది అకారాలు. దీర్ఘాన్ని వేరే చెప్పాల్సిన పని పడలేదు.

హన్మకొండ నాన్న | ఆదివారం, ఉదయం 8:40

అచ్చులు, హల్లులు మాట చెప్పంగనే మా చిన్నోడు అక్క పుస్తకం గుంజుకొని హల్ ఎక్కడున్నదని వెతుక్కుంటాండు.

పెద్దది ఇంకో ప్రశ్న అడుగుతాంది. మామూలుగ య ర ల వ అంటం గదా. సూత్రంల య వ ర, తర్వాత ల. వ ముందటికి ఎందుకు దుంకింది?

తెలుగు సారు, జనగామ | ఆదివారం, ఉదయం 9:25

అమ్మాయి మంచి చోట చేయి పెట్టింది. దీనికి జవాబు మీ టెన్త్ పుస్తకంలోనే ఉంది తమ్ముడూ. యణాదేశ సంధి సూత్రం గుర్తుందా? "ఇ, ఉ, ఋలకు అసవర్ణాచ్చులు పరమైతే య, వ, రలు ఆదేశమవుతాయి." అతి + అంత = అత్యంత, సు + ఆగతం = స్వాగతం, పితృ + ఆర్జితం = పిత్రార్జితం. పాణిని దీన్ని "ఇకో యణచి" అని మూడు ముక్కల్లో చెప్పాడు (6.1.77). ఇక్ అంటే ఇ ఉ ఋ ఌ. యణ్ అంటే య వ ర ల. ఒకటో దానికి ఒకటోది, రెండో దానికి రెండోది. ఉ రెండోది కాబట్టి వ కూడా రెండో చోటుకు రావాలి. మనం "య, వ, రలు" అని పాడుకుంటూ పోయామే, ఆ క్రమం అక్కడిదే.

మంథని విద్యార్థి | ఆదివారం, ఉదయం 11:50

సారు చెప్పిన మార్గంలోనే ఇంకో చోటు చూపిస్తాను. నాకు ఈ పద్నాలుగింటిలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది.

ఎనిమిదో సూత్రం ఝభఞ్, తొమ్మిదోది ఘఢధష్, పదోది జబగడదశ్. ఐదు ఘోష మహాప్రాణాలను, అంటే అదురూ గాలీ రెండూ ఉన్న అక్షరాలను, రెండు సూత్రాలుగా ఎందుకు చీల్చాడు? ఝ, భ ముందు ఎందుకు, అందులోనూ ఝ తర్వాతే భ ఎందుకు?

రామ శబ్దం చెప్పుకోండి. రామాయ, రామాభ్యామ్. రామ లోని అ ఇక్కడ దీర్ఘమైంది. య, భ మొదట ఉన్న విభక్తులు పరమైతే ఇట్లా అవుతుంది. అదే నియమంతో పచ్ ధాతువు పచామి, పచావః, పచామః అవుతుంది, అక్కడ మ, వ పరంగా ఉన్నాయి. అంటే య వ ర ల, అనునాసికాలు, భ ఇవన్నీ ఒక గుంపులో పడాలి, ఘ ఢ ధలకు అందులో పని లేదు. అందుకే భ తర్వాత ఒక హద్దురాయి పాతాడు. ఆ గుంపు పేరు యఞ్.

ఇప్పుడు భగవద్గీత మూడో అధ్యాయంలో "ఏష వోఽస్త్విష్టకామధుక్" తలచుకోండి. పితికేది అన్న అర్థంలో ధాతువు దుహ్. దకారం. మరి ధుక్ అని ధ ఎట్లా వచ్చింది? దుహ్ లోని హ ముందు ఘ అవుతుంది. చివర ఘ, ధ లాంటి మహాప్రాణం ఉన్న ఏకాచ్ (ఒకే అచ్చు ఉన్న) ధాతువులో మొదటి బ గ డ దలు పదాంతంలో భ ఘ ఢ ధలుగా మారతాయి (8.2.37). చివరిది మళ్లీ గ అయి, క అవుతుంది. చివర పోయిన ఒత్తు మొదటికి వచ్చి కూచున్నట్టు. ఈ మార్పులో జ, ఝలకు చోటు లేదు. అందుకే పదో సూత్రంలో జను ముందు పెట్టి, బ దగ్గర మొదలుపెట్టి బశ్ అన్నాడు. ఎనిమిదిలో ఝను ముందు పెట్టి, భ దగ్గర మొదలుపెట్టి భష్ అన్నాడు. బ గ డ ద, భ ఘ ఢ ధ. మళ్లీ ఒకటికి ఒకటి జత.

పదకొండో సూత్రం ఖఫఛఠథచటతవ్ కూడా అంతే. కథలన్నీ "కస్మింశ్చిత్ వనే" అని మొదలవుతాయి కదా. కస్మిన్ + చిత్. నకారం తర్వాత చ వస్తే నడుమ శ్ పుట్టింది. ఛ ఠ థ చ ట త అనే ఆరింటికే ఇది జరుగుతుంది. క, ప, ఖ, ఫలకు జరగదు. ఆ నాలుగింటిని బయటపెట్టాలంటే ఖ ఫలు ఛకు ముందు ఉండాలి, క పలు హద్దురాయికి అవతల ఉండాలి. నాన్నగారు మొదట అడిగారు కదా, క ప ఎక్కడో పన్నెండోదాంట్లో ఎందుకున్నాయని. ఇందుకు.

కాజీపేట జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

తమ్మీ, నా అనుమానం వాపస్ తీసుకుంటాన. నువ్వు రాసింది నాలుగు సార్లు చదివిన. ఇష్టకామధుక్ అని చిన్నప్పటి సంది చదువుతాన గని ఆ ధ మీద ఒక్కనాడు నిలబడి చూడలె.

కోడ్ రాసే తమ్ముడు, నిజామాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

హ రెండు సార్లు ఎందుకన్నది ఇంకా మిగిలింది. నేను దీని మీద కొన్నాళ్లు కూర్చున్నాను కాబట్టి చెబుతాను.

రామః + హసతి = రామో హసతి. ఇక్కడ హ గొంతు అదిరే అక్షరాల గుంపులో ఉండాలి, ఆ గుంపు హశ్. ఇంకోచోట, నాలుకతో నాకడం అనే అర్థంలో లిహ్ ధాతువుకు భూతకాలంలో అలిక్షత్ అని రూపం వస్తుంది. అక్కడ హ శ ష సలతో కలిసి ఉండాలి, ఆ గుంపు శల్. ఒక్క చోటే పెడితే రెండో గుంపు తెగిపోతుంది.

జర్మనీకి చెందిన వీబ్కె పీటర్సెన్ అనే భాషావేత్త 2004లో దీన్ని గణితంగా నిరూపించారు. పాణినికి కావలసిన గుంపులన్నీ ఒకే వరుసలో రావాలంటే ఏదో ఒక అక్షరం రెండు సార్లు రాక తప్పదు. ఆ అక్షరంగా హను ఎంచుకోవడమే సరైనది, హద్దురాళ్లు కూడా పద్నాలుగుకు తగ్గవు. కాగితం లేకుండా నోటితో నేర్చుకునే కాలంలో ఒక మనిషి ఇది సాధించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నాకు మింగుడుపడనిది ణ్ ఒక్కటే. అఇఉణ్ చివరా అదే, లణ్ చివరా అదే. అణ్ అంటే ఏ ణ్ వరకు?

మంథని విద్యార్థి | ఆదివారం, మధ్యాహ్నం 3:10

అన్నా, ఆ సందేహం పాణిని వ్యాకరణం మీద పతంజలి రాసిన మహాభాష్యంలోనే లేచింది. ఆయన జవాబు "వ్యాఖ్యానతో విశేషప్రతిపత్తిః". అంటే సందేహం వచ్చినంత మాత్రాన సూత్రాన్ని పక్కన పెట్టకూడదు, వ్యాఖ్యానంతో తేల్చుకోవాలి. సంప్రదాయంలో లెక్క ఇది: ఇణ్ ఎప్పుడూ రెండో ణ్ వరకు. అణ్ ఎప్పుడూ మొదటి ణ్ వరకు, ఒక్క 1.1.69లో తప్ప. మాకు గురువుగారు ఇది చెప్పిన రోజు, పుస్తకం ఒక్కటే చేత పట్టుకుంటే సూత్రం సగమే దొరుకుతుందని నాకు తెలిసింది.

డీటీపీ అక్క, వరంగల్ | ఆదివారం, సాయంత్రం 5:45

సారు రాసిన శ, ష, సల మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆరో తరగతిలో నాకు శ పలికేది కాదు. శంకరుడు అనమంటే సంకరుడు అనేదాన్ని. అప్పటి టీచరు రోజూ లేపి నిలబెట్టి అనిపించేవారు, క్లాసంతా నవ్వేది. నాలుక ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు షాపులో కూర్చుని "చ" అనబోయి నాలుకను అక్కడే ఉంచి, ఆనించకుండా గాలి వదిలాను. శ వచ్చింది. నిశ్చయం, నిశ్చయం అని ఎన్నిసార్లు అన్నానో.

నా పనిలో కనబడేది ఒకటి చెబుతాను. పెళ్లి పత్రికలు, ప్లెక్సీలు అన్నీ నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులోనే కొడతాను. అందులో క, ఖ ఒకే మీట మీద ఉంటాయి, షిఫ్ట్ నొక్కితే ఒత్తు వస్తుంది. గ ఘ, త థ, ద ధ, ప ఫ అన్నీ ఇట్లాగే జంటలు. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలా మటుకు కుడి చేతికి. హిందీకీ ఇవే మీటలు, అందుకే హిందీ మ్యాటరు వచ్చినా వేళ్లు మార్చుకోకుండా కొట్టేస్తాను. యూనికోడ్‌లో కూడా మన అక్షరాలు అ దగ్గర మొదలై క నుంచి హ దాకా దాదాపు ఈ వరుసలోనే ఉన్నాయి. నోటి వరుస వేళ్లకు ఎంత సుఖమో రోజుకు పది గంటలు కొట్టేవాళ్లకే తెలుస్తుంది.

గోదారి ఒడ్డు, జగిత్యాల | ఆదివారం, రాత్రి 8:30

మాది కోటిలింగాలకు దగ్గరి ఊరు. శాతవాహనుల సిముకుడి నాణేలు దొరికిన చోటు. మా దిక్కు నుంచి ఒక కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కథాసరిత్సాగరంల ఉన్నది. శాతవాహన రాజు రాణులతోటి కొలనుల జలకాలాడుతాండు. అలిసిపోయిన రాణి ఒకామె "మోదకైః" కొట్టు అన్నది. రాజు మోదకాలు, అంటే లడ్డూలు, తెప్పిచ్చిండు. రాణి నవ్వి, నేనన్నది మా ఉదకైః, నీళ్లతోటి కొట్టకు అని. ఈ సమయంల లడ్డూలు ఎందుకు, మా + ఉదకైః కలిస్తే మోదకైః అయితదని గూడ తెల్వదా అన్నది. ఆ + ఉ = ఓ, మన గుణసంధే. రాజుకు తలకొట్టేసినట్టయి అన్నం మానేసిండు. వ్యాకరణం నేర్పడానికి ఆరేండ్లు పడుతదని కొలువుల పండితుడు గుణాఢ్యుడు అంటే, ఆరు నెలలల్ల నేర్పుతనని ఇంకో పండితుడు శర్వవర్మ పందెం కట్టిండు, నేర్పిండు. ఓడిన గుణాఢ్యుడు సంస్కృతమే వదిలిపెట్టి పైశాచి అనే ప్రాకృతంల బృహత్కథ రాసిండు.

ఇది కథనే. గని శర్వవర్మ పేరున ఉన్న కాతంత్ర వ్యాకరణం నిజం. దాని మొదటి సూత్రం "సిద్ధో వర్ణసమామ్నాయః". అక్షరాల వరుస లోకంల సిద్ధంగ ఉన్నదే, నేను కొత్తది పెట్టనన్నట్టు. మాహేశ్వర సూత్రాలు, ప్రత్యాహారాల బాట పట్టకుండ, చిన్నోడు దిద్దే వరుస తోటే వ్యాకరణం అంత నడిపిండు. ముందుగాల పద్నాలుగు స్వరాలు, తర్వాత క నుంచి వ్యంజనాలు. తొందరగ నేర్వాలనుకునేటోళ్లకు అది చాలు. బాసరల పలక మీద "సిద్ధం నమః" అని దిద్దిచ్చినప్పుడల్ల నాకు ఈ సూత్రమే మతికొస్తది.

కాజీపేట జంక్షన్ | ఆదివారం, రాత్రి 9:00

మరి సంస్కృతానికి అక్షరాలు మొత్తం ఎన్ని? ఒకరు యాభై అంటరు, ఒకరు అరవై మూడు అంటరు. ళ, క్ష లెక్కల ఉన్నయా?

తెలుగు సారు, జనగామ | ఆదివారం, రాత్రి 9:35

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణాన్ని ఈ లెక్కతోనే మొదలుపెట్టాడు. సంస్కృతానికి యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పై ఆరు. పాణినీయ శిక్ష అనే ఉచ్చారణ గ్రంథం అరవై మూడు లేదా అరవై నాలుగు అంటుంది, అది ప్లుతాల వంటివి కూడా కలుపుకున్న లెక్క. క్ష విడి వర్ణం కాదు, క ష కలిసిన సంయుక్తం. ఎక్కాల పుస్తకాల్లో చివర చేర్చడం అలవాటైంది. మన ఎ, ఒ హ్రస్వాలు, ఱ, దంత్య చ జలు సంస్కృతంలో లేవు. ళ కూడా లేదు.

మంథని విద్యార్థి | ఆదివారం, రాత్రి 9:50

సారూ, క్షమించాలి, ళ దగ్గర కొంచెం ఆగాలి. ఋగ్వేదం మొదటి మంత్రమే "అగ్నిమీళే పురోహితం". రెండు అచ్చుల నడుమ పడిన డకారం అక్కడ ళ అవుతుంది. మాహేశ్వర సూత్రాల్లో లేదన్నది నిజమే గానీ, సంస్కృతంలోనే లేదంటే వేదం ఒప్పుకోదు.

తెలుగు సారు, జనగామ | ఆదివారం, రాత్రి 9:58

నిజం నాయనా. లౌకిక సంస్కృతం అనాల్సింది, తొందరలో మొత్తానికి అనేశాను. దిద్దుకుంటున్నాను.

ఇంకొకటి ఇప్పుడే తట్టింది. పిల్లలకు సంధులు చెప్పేటప్పుడు జశ్త్వం, శ్చుత్వం అని రెండు పేర్లు పక్కపక్కనే చెబుతాం. వాక్ + ఈశ = వాగీశ, ఇది జశ్త్వం. జశ్ అంటే జ బ గ డ ద, పదో సూత్రంలోని ప్రత్యాహారం. సత్ + చరిత్ర = సచ్చరిత్ర, ఇది శ్చుత్వం. అందులో చు అంటే చ వర్గం, నోటి వరుసది. రెండు వరుసలూ ఒకే పేజీలో ఉన్నాయి. ఇన్నేళ్లు చెప్పాను గానీ ఈ రెండు పేర్లను ఇట్లా పక్కన పెట్టి చూడలేదు.

హన్మకొండ నాన్న | సోమవారం, రాత్రి 8:15

అందరికీ దండాలు. నిన్న రాత్రి అన్నాలు తినే కాడ పెద్దది పద్నాలుగు సూత్రాలు ఒక కాగితం మీద రాసి, పొల్లులన్నిటికి ఎర్ర పెన్నుతోటి సున్న చుట్టింది. చిన్నోడు వేలు పెట్టుకుంట అ కాడ మొదలువెట్టి, ఎర్ర సున్నల మీద ఆగుకుంట పోయిండు. వాడే పేర్లు పెడుతాండు: "అణ్, అక్, అఙ్, అచ్, అట్..." ఏడోది ఞమఙణనమ్ కాడికి వచ్చి "అమ్" అన్నడు. ఇది పాణిని ఎక్కడన్న వాడిండా అని పెద్దదాన్ని అడిగిండు. దానికి తెల్వలె, నాకైతే అసలే తెల్వది. మంథని తమ్మీ, జెర చూసి చెప్పు, పడుకోకుండ కూసున్నరు ఇద్దరూ.

మంథని విద్యార్థి | సోమవారం, రాత్రి 8:40

వాడాడు నాన్నగారూ. 8.3.6, "పుమః ఖయ్యమ్పరే". పుమ్ + కోకిలః. క వచ్చింది, క తర్వాత ఓ ఉంది, ఓ అమ్ లో ఉంది. అందుకని నడుమ స పుట్టి పుంస్కోకిలః అవుతుంది, అంటే మగ కోయిల. చిన్నోడిని ఓ ఎక్కడుందో ఎర్ర సున్నల్లో వెతకమనకండి, ఏఓఙ్ లో ఉంది, మూడోది.